పట్టణంలో ఫ్లాటు కాపురం – లాభనష్టాలు తూచి చూద్దాం

ఆసుపత్రి నుండి రోగిని ఇంటికి పంపేటప్పుడు ఇంటివారిని తప్పక అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. "మీ ఇల్లు ఎన్నో అంతస్తు? లిఫ్టు ఉందా?" తుంటి ఎముక విరిగి ఆపరేషను అయినవారికి, పక్షవాతం వచ్చినవారికి, ఆయాసంతో బాధపడేవారికి ఈ ప్రశ్న మందుల చీటీ అంత ముఖ్యమైనది. వెనుకటి రోజుల్లో దీని అవసరం అంతగా ఉండేది కాదు. పెంకుటిల్లయినా, డాబా అయినా, గడప దాటితే నేల మీదే కాలు పడేది. ఇప్పుడు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం మాత్రమే కాదు, గుంటూరు, వరంగల్లు, రాజమండ్రి, కర్నూలు వంటి ఊళ్ళలో కూడా మన కుటుంబాలు ఎన్నో అపార్టుమెంట్లలో ఉంటున్నాయి. ఉన్న ఇల్లు అమ్మి ఫ్లాటు కొందామా, ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలను పట్నానికి తెచ్చుకుందామా అని ఆలోచిస్తున్నవారు ఇంకెందరో ఉన్నారు.

ఇల్లు మారడం చీర మార్చినంత తేలిక కాదు. డబ్బు, ఆరోగ్యం, బంధుత్వాలు మూడూ దానితో ముడిపడి ఉంటాయి. అందుకే ఈ నెల పాఠంలో ఫ్లాటు కాపురంలోని మేలును, కీడును రెండు పక్కలా పెట్టి తూచి చూద్దాం. ఫ్లాటు మంచిదనో చెడ్డదనో తీర్పు చెప్పడం ఈ పాఠం ఉద్దేశం కాదు. మీ ఇంటికి, మీ ఇంట్లో ఉన్న మనుషులకు అది సరిపోతుందా లేదా అని మీరే తేల్చుకోవడానికి సహాయపడాలన్నదే మా కోరిక.

1. ఫ్లాటు కొంటే మనకు వచ్చేదేమిటి?

విడి ఇల్లు కొంటే నేల, గోడలు, కప్పు అన్నీ మనవే. ఫ్లాటులో అలా కాదు. నాలుగు గోడల మధ్య ఉన్న భాగం మాత్రమే మనకు విడిగా సొంతం. నేల, మెట్లు, లిఫ్టు, నీళ్ళ సంపు, పైకప్పు, నడవాలు అందరికీ ఉమ్మడి. ఆ నేలలో మన వాటాను "అవిభక్త వాటా" అంటారు. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల చట్టం ఈ రకమైన యాజమాన్యాన్ని గుర్తించింది.

ఉదాహరణకు 1,000 గజాల స్థలంలో ఒకే కొలత గల 40 ఫ్లాట్లు కట్టారనుకోండి. ఒక్కొక్కరి వాటా 25 గజాలు. కట్టడం ఏటేటా పాతబడుతుంది, నేల పాతబడదు. ముప్పై నలభై ఏళ్ళ తరువాత భవనాన్ని పడగొట్టి తిరిగి కట్టవలసి వస్తే మన చేతిలో మిగిలే విలువ చాలావరకు ఆ 25 గజాలే. కాబట్టి గదులు ఎంత పెద్దవో అడిగినట్టే, నేలలో వాటా ఎంతో కూడా అడగాలి.

కొలతల్లోనూ తేడాలున్నాయి. "సూపర్ బిల్టప్ ఏరియా" అని చెప్పే అంకెలో మెట్లు, నడవాలు, లిఫ్టు గదిలో మన వంతు కూడా కలిసి ఉంటుంది. "కార్పెట్ ఏరియా" అంటే గోడల లోపల మనం నిజంగా వాడుకునే చోటు. బాల్కనీ ఇందులోకి రాదు. 1,200 చదరపు అడుగుల ఫ్లాటు అని కొన్నవారికి కార్పెట్ ఏరియా 850, 900 అడుగులే ఉండవచ్చు. మంచం పక్కన చక్రాల కుర్చీ తిరగాలంటే లెక్కకు వచ్చేది ఈ రెండో అంకెే.

2. మేలు పక్క

మేళ్ళు తక్కువేమీ కాదు.

మొదటిది భద్రత. గేటు దగ్గర కాపలాదారు, ఎదురుగా మరో ఇంటి తలుపు ఉంటాయి. ఇంటికి తాళం వేసి నాలుగు రోజులు ఊరికి వెళ్ళినా గుండె దడ ఉండదు. ఒంటరిగా ఉండే విధవరాండ్రు, నైట్ డ్యూటీకి వెళ్ళే నర్సులు, భర్త గల్ఫులో ఉండి పిల్లలతో ఉంటున్న తల్లులు ఈ ధైర్యం కోసమే ఫ్లాటును ఎంచుకుంటారు.

రెండవది దగ్గరితనం. బడి, ఆఫీసు, మందుల షాపు, ఆసుపత్రి అందుబాటులో ఉంటాయి. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ చేయించుకోవలసిన వ్యక్తికి ఆసుపత్రి అరగంట దూరంలో ఉండడానికి, మూడు గంటల దూరంలో ఉండడానికి ఎంత తేడా ఉందో చెప్పనక్కరలేదు. గుండెపోటులోనూ, పక్షవాతంలోనూ ప్రతి నిమిషమూ విలువైనదే.

మూడవది పంచుకున్న ఖర్చు. బోరు, మోటారు, జనరేటరు, కాపలా, మెట్ల శుభ్రత ఒక్కరే భరించాలంటే కష్టం. నలభై ఇళ్ళవారు పంచుకుంటే తేలిక.

నాలుగవది పొరుగు. మంచి అసోసియేషను ఉన్న చోట పిల్లలకు ఆటతోడు, పెద్దలకు సాయంత్రం కబుర్లు, ఆపదలో పిలిస్తే పలికే మనిషి దొరుకుతారు. అర్ధరాత్రి 108కి ఫోను చేసి, అంబులెన్సు వచ్చేలోపు పక్కింటివారు వచ్చి చేయి పట్టుకుంటే ఆ మేలుకు వెల కట్టలేము.

3. కీడు పక్క

ఇక రెండవ పక్క చూద్దాం.

స్వేచ్ఛ తగ్గుతుంది. మిరపకాయలు ఎండబెట్టుకోవడానికి, ఒడియాలు పెట్టుకోవడానికి, ఒక జామచెట్టు వేసుకోవడానికి చోటుండదు. పైకప్పు అందరిదీ కాబట్టి అందరి అనుమతీ కావాలి. పై అంతస్తులో స్నానాల గది కారితే మన గోడ చెమ్మగిల్లుతుంది. ఆ ఇంటి యజమాని అమెరికాలో ఉంటే మరమ్మతు నెలల తరబడి సాగుతుంది.

శబ్దం ఉంటుంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ మించకూడదు. పక్కవారి టీవీ మనకు వినిపించినట్టే మన ఇంటి కూటపు పాటలు వారికి వినిపిస్తాయి. ఇరుగుపొరుగుతో సమాధానంగా ఉండాలంటే వేళను, ధ్వనిని ముందే మాట్లాడుకోవడం మంచిది.

అద్దెకు వెళ్ళేవారికి మరికొన్ని చిక్కులున్నాయి. కొన్నిచోట్ల కులం, మతం, తినే కూర కూడా అడిగి ఇల్లు ఇస్తారు. ఇంకొక మాట బయటకు చెప్పుకోరు గాని చాలా కుటుంబాలు ఎదుర్కొనేదే. ఇంట్లో పెద్దవారు కన్నుమూస్తే భౌతికకాయాన్ని ఇంటికి తేవద్దనే యజమానులున్నారు. సొంత ఫ్లాటు అయినా లిఫ్టు చిన్నదైతే పెట్టెను మెట్ల మీదుగా మోయవలసి వస్తుంది. చివరి దశలో ఉన్న తల్లినో తండ్రినో ఇంట్లో చూసుకుంటున్నవారు ఈ విషయాన్ని మొహమాటపడకుండా ముందే అడిగి తెలుసుకోవాలి. దుఃఖసమయంలో గేటు దగ్గర వాదన పెట్టుకోవలసిన గతి ఎవరికీ రాకూడదు.

4. పెద్దవారి విషయం

పల్లెలో అమ్మమ్మ ఉదయం లేచి వాకిలి ఊడ్చి, పాలకేంద్రానికి వెళ్ళి, అరుగు మీద కూర్చుని నలుగురితో మాట్లాడుతుంది. అదే ఆమె వ్యాయామం, అదే ఆమె ఎండ, అదే ఆమెకు మందు. ఆమెను ఐదో అంతస్తుకు తెచ్చి సోఫాలో కూర్చోబెడితే ఆ మూడూ ఒక్కసారిగా ఆగిపోతాయి. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు, పిల్లలు బడికి వెళ్ళాక సాయంత్రం దాకా తలుపు వేసుకుని ఒక్కతే ఉండాలి. కొన్నాళ్ళకు ఆకలి తగ్గడం, నిద్ర పట్టకపోవడం, మాట తగ్గిపోవడం కనబడితే అది వయసు ప్రభావమే అని కొట్టివేయవద్దు. అది దిగులు జబ్బు కావచ్చు, దానికి చికిత్స ఉంది. డాక్టరుకు చూపించండి.

ఎండ గురించి ఒక సంగతి. ఒంట్లో డి విటమిను తయారుకావడానికి సూర్యకిరణాలు నేరుగా చర్మం మీద పడాలి. కిటికీ అద్దం ఆ కిరణాలను చాలావరకు ఆపివేస్తుంది. అద్దం వెనుక కూర్చుంటే వెచ్చదనం వస్తుంది గాని డి విటమిను రాదు. కాబట్టి ఎండ తగిలే బాల్కనీ, లేదా పెద్దవారు వెళ్ళి కూర్చోగల మేడ, పార్కు ఉన్నాయేమో చూడాలి.

మెట్ల విషయం. ఆరోగ్యంగా ఉన్నవారికి మెట్లెక్కడం గుండెకు మంచి వ్యాయామం. మోకాళ్ళు అరిగినవారికి, గుండె బలహీనంగా ఉన్నవారికి అదే శిక్ష. లిఫ్టు చెడిపోయిన రోజున వారు ఇంట్లో ఖైదీలే. లిఫ్టులో స్ట్రెచరు పడుతుందా అని తప్పక చూడండి. చిన్న అపార్టుమెంట్లలోని లిఫ్టులలో స్ట్రెచరు పట్టదు. రోగిని కుర్చీలో కూర్చోబెట్టి దించాలి, లేదా దుప్పటిలో మోయాలి.

కరెంటు పోతే జనరేటరు వేస్తామంటారు. చాలాచోట్ల అది లిఫ్టుకు, నడవాలకు, ఇంటికి రెండు మూడు లైట్లు, ఫ్యాన్లకు మాత్రమే సరిపోతుంది. ఇంట్లో ఆక్సిజన్ కాన్సెంట్రేటరు వాడేవారుంటే ఆ ప్లగ్గుకు జనరేటరు కరెంటు వస్తుందో లేదో అడిగి చూసుకోవాలి. లేకుంటే ఇన్వర్టరో, నిండిన సిలిండరో దగ్గర ఉండాలి.

స్నానాల గదిలో జారని నేల, పట్టుకోవడానికి గోడకు గట్టి కమ్మీ, రాత్రి వెలిగే చిన్న దీపం పెట్టించండి. పెద్దవారు పడి తుంటి విరగ్గొట్టుకుంటే అయ్యే ఖర్చుతో, బాధతో పోలిస్తే ఈ మూడింటికయ్యే ఖర్చు లెక్కలోనిది కాదు.

5. పిల్లల విషయం

బాల్కనీ కమ్మీల మధ్య నాలుగు అంగుళాల కంటే ఎక్కువ సందు ఉంటే చిన్నపిల్లలు దూరిపోగలరు. అడ్డకమ్మీలు ఉంటే నిచ్చెనలా ఎక్కుతారు. బాల్కనీలో కుర్చీ, పూలకుండీ, బకెట్టు గోడ దగ్గర ఉంచవద్దు. కిటికీలకు గ్రిల్లు పెట్టించేటప్పుడు ఒకదానికి లోపలి నుండి తెరుచుకునే తలుపు ఉంచండి. మంట వస్తే బయటపడడానికి అది దారి అవుతుంది. తాళంచెవి అక్కడే, పెద్దవారికి అందేటట్టు ఉండాలి.

సెల్లారులో కార్లు వెనక్కు తీసే చోట పిల్లలను ఆడనివ్వవద్దు. ఆడుకోవడానికి వేరే జాగా లేని అపార్టుమెంటులో పిల్లలు చివరకు టీవీ ముందో, సెల్‌ఫోను ముందో చేరతారు. బరువు పెరగడం, చూపు మందగించడం అక్కడి నుండే మొదలవుతాయి.

6. ఇంటితో వచ్చే జబ్బులు

నీరు: పట్టణ నీటి సరఫరాను లెక్కవేసేటప్పుడు మనిషికి రోజుకు 135 లీటర్లు అనుకుంటారు. 50 ఫ్లాట్లు, ఇంటికి నలుగురు అనుకుంటే 200 మంది. రోజుకు 27,000 లీటర్లు కావాలి. వేసవిలో బోరు ఎండిపోతే 5,000 లీటర్ల ట్యాంకర్లు రోజుకు ఐదారు రావాలి. ఆ ఖర్చు మీ నెలవారీ మెయింటెనెన్సులోనే పడుతుంది. ట్యాంకరు నీరు ఏ బోరుదో మనకు తెలియదు. అది తాగడానికి, వంటకు వాడవద్దు. వాడక తప్పకపోతే మరిగించి వాడండి. మరిగిస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు, నైట్రేటు పోవని గుర్తుంచుకోండి. సంపు, పైట్యాంకు ఆరు నెలలకొకసారి కడిగించి క్లోరిన్ వేయిస్తున్నారా? సంపు పక్కనే మురుగు గొట్టం పోతున్నదా? ఒక్క సంపు పాడైతే అపార్టుమెంటు మొత్తానికి వాంతులు, విరేచనాలు, కామెర్లు, టైఫాయిడు రావచ్చు.

దోమ: డెంగీని మోసే దోమ మంచినీటిలో పుడుతుంది, పగటివేళ కుడుతుంది. మూతలేని ట్యాంకు, కుండీల కింది పళ్ళెం, ఫ్రిజ్ వెనుక ట్రే, తాళం వేసిన ఫ్లాటులోని కమోడు, లిఫ్టు గుంట దానికి పుట్టిళ్ళు. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. అందుకే వారానికొక రోజు నీళ్ళు పారబోసి ఆరబెట్టాలి. నలభై ఇళ్ళలో ముప్పై తొమ్మిది ఇళ్ళు శుభ్రంగా ఉన్నా నలభయ్యవ ఇంటి దోమ అందరినీ కుడుతుంది. ఈ పని అసోసియేషను పూనుకుంటేనే జరుగుతుంది.

గాలి: ఎదురెదురు కిటికీలు లేని ఫ్లాటులో గాలి ఆడదు. దగ్గినప్పుడు గాలిలో కలిసిన క్షయ క్రిములు మూసిన గదిలో గంటల తరబడి నిలుస్తాయి. గాలి, వెలుతురు ఉన్న గదిలో త్వరగా తగ్గిపోతాయి. గోడకు పట్టిన చెమ్మ, బూజు ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం పెంచుతాయి. ఫ్లాటు చూడడానికి వెళ్ళినప్పుడు లైటు ఆపించి, మధ్యాహ్నం పడకగదిలో వార్తాపత్రిక చదవగలరా అని చూడండి. వర్షాకాలంలో ఒకసారి చూస్తే చెమ్మ సంగతి తెలిసిపోతుంది.

పావురాలు: ఇది నగర అపార్టుమెంట్లలో బాగా కనిపించే సమస్య. ఏసీ పెట్టెల మీద, డక్టులలో పావురాలు గూళ్ళు పెడతాయి. ఎండిన రెట్ట, ఈకల ధూళి రోజూ పీలిస్తే కొందరికి ఊపిరితిత్తులు వాచి, కాలక్రమంలో గట్టిపడిపోయే జబ్బు వస్తుంది. వారాల తరబడి పొడిదగ్గు, నడిస్తే ఆయాసం ఉంటే డాక్టరుకు "మా బాల్కనీలో పావురాలున్నాయి" అని తప్పక చెప్పండి. వల కట్టించండి. రెట్టను పొడిగా ఊడ్వకుండా, తడిపి, ముక్కుకు నోటికి మాస్కు కట్టుకుని తీయండి.

గ్యాసు: స్నానాల గది లోపల గ్యాసు గీజరు పెట్టవద్దు. తలుపు, కిటికీ మూసి ఉంటే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. మనిషి కేక వేయకుండానే స్పృహ తప్పి ప్రాణం పోగొట్టుకోవచ్చు. వంటగ్యాసు గాలికంటే బరువైనది కాబట్టి లీకయితే నేల దగ్గర పేరుకుంటుంది. వాసన వస్తే స్విచ్చి వేయవద్దు, తీయవద్దు. రెగ్యులేటరు కట్టి, తలుపులు, కిటికీలు తెరిచి, బయటకు వచ్చి 1906 నంబరుకు ఫోను చేయండి.

7. మంట, వరద

మంట లేచినప్పుడు లిఫ్టు ఎక్కరాదు, మెట్ల మీదుగానే దిగాలి. ఆ మెట్ల మీద పాత సోఫాలు, చెప్పుల స్టాండ్లు, సైకిళ్ళు పెట్టి ఉంటే పొగలో కాలు తగిలి పడిపోతారు. ఫ్లాటు చూడడానికి వెళ్ళినప్పుడు లిఫ్టు ఎక్కకుండా మెట్లెక్కి వెళ్ళండి. ఆ అపార్టుమెంటువారి క్రమశిక్షణ ఎంతో మెట్లే చెప్పేస్తాయి. అగ్నిమాపక కేంద్రం నంబరు 101.

వరద సంగతి 2024 సెప్టెంబరులో విజయవాడ నేర్పింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్ తదితర ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. పై అంతస్తులలో ఉన్నవారికి ప్రాణభయం తక్కువైంది, ఇది ఫ్లాటు వలన వచ్చిన మేలు. కాని కరెంటు లేక, మోటారు ఆడక, తాగునీరు లేక వారూ పడవల కోసం ఎదురుచూశారు. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాదులో చెరువులు పొంగి ఎన్నో కాలనీలు, సెల్లార్లు మునిగాయి. పై అంతస్తు నీటికి దూరమే గాని, ట్రాన్స్‌ఫార్మరు, మోటారు, జనరేటరు నేల మీదో, సెల్లారులోనో ఉంటాయి. అవి మునిగితే పదో అంతస్తూ చీకటే. కనుక చెరువు పూర్తి నీటిమట్టం హద్దులో గాని, దాని చుట్టూ ఖాళీగా వదలవలసిన జాగాలో గాని ఆ స్థలం ఉందేమో విచారించండి. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదులో 'హైడ్రా' అనే సంస్థను ఏర్పాటు చేసింది. అది చెరువు భూముల్లో ఉన్న పలు కట్టడాలను తొలగించింది. బ్యాంకు అప్పు ఇచ్చింది కదా అని నిశ్చింతగా ఉండకూడదు.

ఇంట్లో రోగులున్నవారు వారానికి సరిపడా మందులు, రెండు రోజుల తాగునీరు, టార్చిలైటు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోవాలి. ఇన్సులిన్ వాడేవారు కరెంటు లేనప్పుడు సీసాను తడి ఇసుకలో నిలిపిన మట్టికుండలో, తడి తగలకుండా కవరులో పెట్టి ఉంచుకోవచ్చు.

8. డబ్బు లెక్క

60 లక్షల ఫ్లాటు, చేతిలో 20 లక్షలు, అప్పు 40 లక్షలు అనుకుందాం. వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్ళయితే నెలకు కట్టవలసినది సుమారు 34,700 రూపాయలు. ఇరవై ఏళ్ళలో బ్యాంకుకు వెళ్ళేది సుమారు 83 లక్షలు. అంటే అసలు 40 లక్షలకు వడ్డీ 43 లక్షలకు పైమాటే. దీనికి నెలనెలా మెయింటెనెన్సు, ఏటేటా ఆస్తిపన్ను, మొదట్లో రిజిస్ట్రేషను ఖర్చు కలపాలి. మెయింటెనెన్సు చదరపు అడుగుకు 3 రూపాయలయితే 1,200 అడుగులకు నెలకు 3,600.

అదే ఫ్లాటు మెయింటెనెన్సుతో కలిపి 20,000కు అద్దెకు దొరుకుతుందనుకోండి. తేడా నెలకు సుమారు 18,300. అద్దె కడితే ఇల్లు మనది కాదు, అది నిజమే. కాని వాయిదా కట్టాక ఇంట్లో ఒక్క ఆపరేషనుకు డబ్బు లేకుండా పోతే ఆ ఇంటి వలన వచ్చిన మనశ్శాంతి ఏమిటి? వైద్యులు మళ్ళీ మళ్ళీ చూసేది ఇదే. వాయిదా ఆగకూడదని బీపీ మందు ఆపేస్తారు. ఆ తరువాత పక్షవాతంతో వస్తారు. కాబట్టి కొనేముందు మూడు షరతులు పెట్టుకోండి. ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉండాలి. కుటుంబానికి ఆరోగ్య బీమా ఉండాలి. వాయిదా పోగా మందులకు, బడి ఫీజులకు లోటు రాకూడదు.

పెద్దల ఇల్లు అమ్మి ఆ డబ్బుతో ఫ్లాటు కొనేటప్పుడు వారి పేరు కూడా దస్తావేజులో ఉండడం ధర్మం. పోషిస్తామనే షరతుతో పిల్లలకు ఆస్తి రాసిచ్చిన తరువాత వారు చూడకపోతే, 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టంలోని 23వ సెక్షను కింద ఆ దస్తావేజును రద్దు చేయమని ట్రిబ్యునలును కోరవచ్చు. ఆ షరతును దస్తావేజులో స్పష్టంగా రాయించుకోవడం క్షేమం. ప్రేమ ఉన్న ఇంట్లో కాగితం వలన నష్టమేమీ లేదు.

9. కాగితాలు

2016లో వచ్చిన రెరా చట్టం కొనేవారికి కొంత రక్షణ ఇచ్చింది. 500 చదరపు మీటర్ల స్థలం గాని, 8 ఫ్లాట్లు గాని మించిన కొత్త ప్రాజెక్టులు రెరాలో నమోదు కావాలి. రిజిస్టరు చేసిన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోరాదు. స్వాధీనం చేసిన తేదీ నుండి 5 ఏళ్ళలో కట్టడంలో లోపం బయటపడి తెలియజేస్తే బిల్డరు 30 రోజులలోపు తన ఖర్చుతో బాగుచేయాలి. కొనే ముందు రెరా నంబరు, మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెటు, లింకు దస్తావేజులు, ఈసీ ఒక వకీలుకు చూపించండి. పాత ఫ్లాటయితే అసోసియేషనులో బకాయిలు లేవని చీటీ కూడా తీసుకోండి.

10. త్రాసు పట్టడం ఎలా?

మేళ్ళు ఎన్ని, కీడులు ఎన్ని అని లెక్కపెట్టి ఎక్కువైన పక్కకు మొగ్గితే పొరపాటే. అన్నీ ఒకే బరువు కావు. కీడులను రెండు జాబితాలుగా రాయండి.

దిద్దుకోగల లోటు: కమ్మీ లేకపోవడం, జారే నేల, పావురాలు, దోమలు, పట్టించుకోని అసోసియేషను. వీటికి కొంత డబ్బు, కొంత ఓపిక చాలు.

దిద్దుకోలేని లోటు: వెలుతురు రాని గదులు, స్ట్రెచరు పట్టని లిఫ్టు, చెరువు హద్దులోని స్థలం, అనుమతి లేని అంతస్తు, భరించలేని వాయిదా.

మొదటి జాబితాలో పది ఉన్నా భయపడవద్దు. రెండవ దానిలో ఒక్కటి ఉండి, అది ఇంట్లో అందరికంటే బలహీనమైన మనిషి మీద పడేటట్టయితే ఆ ఇల్లు వదులుకోండి. ఇరవై ఏళ్ళ కుర్రవానికి ఏ ఇల్లయినా సరిపోతుంది. ఇల్లు ఎంచవలసినది నడవలేని తాతయ్యను బట్టి, పాకే పసివానిని బట్టి, ఉబ్బసం ఉన్న తల్లిని బట్టి.

రెండు కుటుంబాలను ఊహించుకోండి. ఒక ఇంట్లో తండ్రికి డయాలసిస్, తల్లికి ఒంటరిగా తిరిగే ధైర్యం లేదు, ఊళ్ళో చూసేవారు లేరు. ఆసుపత్రికి దగ్గరలో, స్ట్రెచరు పట్టే లిఫ్టు గల ఫ్లాటు వారికి నిజమైన మేలు. ఇంకొక ఇంట్లో తల్లిదండ్రులిద్దరూ తమ పనులు తాము చేసుకుంటారు, పొలం పక్కన స్నేహితులున్నారు, సంఘంవారు వచ్చి పలకరిస్తారు. వారిని పెకలించి తెచ్చి నగరంలో నాటితే వేరు పట్టకపోవచ్చు. వారికి ఊళ్ళోనే స్నానాల గది బాగుచేయించి, నెలకొకసారి బీపీ, షుగరు చూపించే ఏర్పాటు చేయడమే మేలు.

ఎటూ తేలకపోతే ఊళ్ళో ఇల్లు అమ్మకుండా అదే పేటలో పదకొండు నెలలు అద్దెకు ఉండి చూడండి. ఒక వేసవి, ఒక వర్షాకాలం గడిస్తే నీళ్ళ సంగతి, చెమ్మ సంగతి, పొరుగు సంగతి, అమ్మ ముఖంలో సంతోషం సంగతి అన్నీ తెలుస్తాయి. అద్దె ఇల్లు నచ్చకపోతే ఖాళీ చేయవచ్చు. అమ్మిన ఇల్లు మాత్రం తిరిగి రాదు.

ఇంటిల్లిపాది కూర్చుని చర్చించవలసిన ప్రశ్నలు

1. మన ఇంట్లో అందరికంటే బలహీనులు ఎవరు? ఈ ఇల్లు వారికి ఎలా ఉంటుంది? వారినే అడిగామా?

2. లిఫ్టు ఆగి, కరెంటు పోయిన రాత్రి ఎవరికైనా గుండెనొప్పి వస్తే కిందికి ఎలా దించుతాం?

3. తాగే నీరు ఎక్కడిది? సంపు చివరిసారి ఎప్పుడు కడిగారు?

4. పగలు ఇంట్లో ఒంటరిగా ఉండేది ఎవరు? వారితో మాట్లాడే మనిషి ఎవరు? వారి సంఘానికి, స్నేహితుల దగ్గరకు వెళ్ళే దారి ఏది?

5. వాయిదా కట్టాక మందులకు, ఆపదకు ఎంత మిగులుతుంది?

6. దిద్దుకోలేని లోటులలో ఈ ఇంట్లో ఉన్నవి ఏవి?

ఈ ఆరింటికి జవాబులు ఒక కాగితం మీద రాసుకోండి. ఇంట్లో చిన్నవారి మాట, పెద్దవారి మాట రెండూ అందులో ఉండాలి. బయానా ఇవ్వడానికి వెళ్ళేముందు ఆ కాగితాన్ని ఇంకొక్కసారి అందరూ కలిసి చదవండి.